లోపలి గదులు

ఆ చలికాలమంతా మా వంటింట్లో ఫోను పాట మోగుతూనే ఉంది. మా ఆయన లైల్‌కి కుడిచెవి సరిగా వినపడదు. జనాల ఇళ్ళ కింద నేలమాళిగల్లో దూరి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసులు రొద పెడితే వాటికి చెవి ఆనించి, వాటి జబ్బేమిటో కనిపెట్టి బాగుచేసిన మనిషి. అందుకని ఫోను స్పీకరులో పెట్టి, ఉప్పుసీసాకి ఆనించి, దాని ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చునేవాడు. అవతల మనిషి పలికేదాకా అదే పియానో పాట. మా కుక్క దానికి అలవాటుపడి ఆ బల్ల కిందే నిద్రపోయేది.

"హలో తల్లీ! విస్కాన్సిన్ నుంచి లైల్ టెస్మర్‌ని. ఇక్కడ మోకాలి లోతు మంచు. మీ ఫ్లారిడాలో ఎలా ఉంది?" అని అరిచేవాడు, అవతలి పిల్లకి కూడా చెవుడన్నట్టు.

నేను పక్కగదిలో బట్టలు మడతపెడుతూ సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ పిల్ల జీతానికి పనిచేస్తోంది, నీతో వానా మంచూ ముచ్చట్లాడ్డానికి కాదు అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. "పాపం, పొద్దస్తమానం జనం చేత తిట్లు తింటూ ఉంటుంది. ఒక మంచి మాట ఆడితే నష్టమేంటి?" అనేవాడు.

మా టైమ్‌షేర్ సంగతి చెప్పాలి. పిల్లలు చిన్నప్పుడు ఫ్లారిడా వెళ్ళాం. ఒక రిసార్టువాళ్ళు పొద్దున ఉపాహారానికి వచ్చి కాసేపు మా మాట వింటే డాల్ఫిన్ల ఆటకి టిక్కెట్లు ఉచితం అన్నారు. వెళ్ళాం. మధ్యాహ్నానికి ఆ రిసార్టులో ఒక గది ఏడాదికొక వారం మాది అయిపోయింది. నేనూ సంతకం పెట్టాను. డాల్ఫిన్ల ఆట మాత్రం అప్పటికే అయిపోయింది. తర్వాతెప్పుడో కంపెనీవాళ్ళు ఆ వారాన్ని పాయింట్లుగా మార్చారు. ఆ పాయింట్లతో ఎక్కడికైనా వెళ్ళొచ్చన్నారు గానీ, మేం అడిగిన చోట మేం అడిగిన రోజుకి ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదు. ఏటా కట్టాల్సింది మాత్రం కట్టేవాళ్ళం. మా ఇంట్లో ఎవరు తెలివితక్కువ పని చేసినా "డాల్ఫిన్ బేరం" అనడం మా అబ్బాయి కర్ట్ పదేళ్ళప్పుడే మొదలుపెట్టాడు. లైల్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు. నవ్వేటప్పుడు అతని చెవులు ఎర్రబడేవి. అది చూసేది నేనొక్కదాన్నే.

అలాంటిది, ఆ పాయింట్లతో క్రూజ్ ఓడలో గదులు తీసుకోవచ్చని ఆ ఫోను పిల్ల చెప్పింది.

"ఎన్ని గదులొస్తాయి?"

"వచ్చే ఏడాది పాయింట్లు కూడా ముందే వాడేసుకుంటే నాలుగొస్తాయి సర్. కానీ అవి లోపలి గదులు."

"లోపలంటే?"

"కిటికీ ఉండదు."

లైల్ నవ్వాడు. "నా బతుకంతా నేలమాళిగల్లోనే గడిచింది తల్లీ. కిటికీ నేనేం చేసుకుంటాను? సముద్రం చూడాలంటే పైన ఓడంతా ఉందిగా. ఒక్కటే చూడు. నాలుగూ పక్కపక్కన ఉండాలి. ఒకే వరుసలో."

ఆ ఒకే వరుస కోసమే అన్ని రోజులు ఫోను మోగింది. రెండు గదులు ఇటు, రెండు అటు ఇస్తామంటే ఒప్పుకోలేదు. "పిల్లలు చిన్నప్పుడు గుడారంలో పడుకునేవాళ్ళం గుర్తుందా? ఎవరు దగ్గినా తెలిసేది. మళ్ళీ ఒక్కసారి అందరం గోడకి అటూ ఇటూ పడుకోవాలి ఆర్డిస్," అన్నాడు నాతో. పట్టుబట్టి సాధించాడు.

క్రిస్మస్‌కి అందరూ వచ్చారు. కర్ట్‌కి మిల్వాకీలో బీమా వ్యాపారం. అతని భార్య మెరిడిత్ పెద్ద కంపెనీలో లాయరు. మా అమ్మాయి జోలీన్ మాడిసన్‌లో పిల్లలకి సంగీతం చెప్తుంది, పెళ్ళి చేసుకుంది, వద్దనుకుంది, ఒక్కతే ఉంటోంది. నా ఆడపడుచు వెర్నా లైల్ కంటే పెద్దది. భర్త పోయాక కూడా చాలాకాలం ఊళ్ళో బార్ నడిపింది. తాగుబోతుల్ని గదమాయించిన గొంతు ఇంకా అలాగే ఉంది.

పండక్కి వండిన పందిమాంసం హామ్ కోసి అందరికీ వడ్డించాక లైల్ లేచి ఫోర్కుతో గ్లాసు మీద కొట్టాడు. మా ఇంట్లో గ్లాసు మీద కొట్టి మాట్లాడినవాళ్ళు అంతకుముందెవరూ లేరు.

"ఫిబ్రవరిలో ఎవరూ ఏ పనీ పెట్టుకోకండి. మనందరం ఓడెక్కుతున్నాం."

"డబ్బెవడిస్తాడురా?" అంది వెర్నా.

"డాల్ఫిన్లు," అన్నాడు లైల్.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కర్ట్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "అబ్బ, నాన్నా! ఇన్నాళ్ళకి ఆ ముష్టి పాయింట్లు పనికొచ్చాయన్నమాట!"

"పనికొచ్చాయి. నాలుగు గదులు. ఒకే వరుస. మేము, పక్కన మీరు, ఆ పక్కన జోలీన్. మా ఇంకో పక్కన అక్క."

మెరిడిత్ గ్లాసు కింద పెట్టింది. "బాల్కనీ ఉంటుందా లైల్?" అని మెల్లిగా అడిగింది. మెల్లిగా అడిగింది కాబట్టి లైల్‌కి వినపడలేదు. నేనే గట్టిగా చెప్పాల్సి వచ్చింది: "బాల్కనీ ఉంటుందా అని అడుగుతోంది."

"పడుకోడానికి బాల్కనీ ఎందుకమ్మా? లోపలి గదులు. వెచ్చగా, పొయ్యి పక్కన ఉన్నట్టుంటాయి."

మెరిడిత్ కర్ట్ వంక చూసింది. కర్ట్ హామ్ ముక్కని ఇంకా చిన్న ముక్కలుగా కోశాడు. "బాగుంది నాన్నా, చాలా బాగుంది," అంది జోలీన్, కాస్త తొందరగా. ఆ చూపులు నాకు కనపడ్డాయి. లైల్ అప్పటికే ఓడ ఎంత పొడుగో వెర్నాకి చేతులు చాపి చూపిస్తున్నాడు. నాకు మొహం చెల్లలేదు. లేచి, ఎవరూ అడగని గ్రేవీ తేవడానికి వంటింట్లోకి వెళ్ళాను.

జనవరిలో లైల్ కింద తన పనిగదిలో చెక్కతో చేపలు కోశాడు. ఓడల్లో తలుపులన్నీ ఒకేలా ఉంటాయట, తప్పిపోకుండా జనం తమ తలుపు మీద ఏదో ఒకటి అంటించుకుంటారని ఎవరో చెప్పారట. మా ఊరి సరస్సులో చేపలే, పొట్టలు పసుపుగా, వీపులు ఆకుపచ్చగా రంగు వేసి, ఒక్కోదాని మీద పేర్లు రాసి, వెనక అయస్కాంతం అతికించాడు.

"వాళ్ళు చిన్నపిల్లలా? కర్ట్ నవ్వుతాడు," అన్నాను.

"నవ్వనీ. నవ్వడానికేగా వెళ్తోంది."

వెర్నాతో కలిసి మేం ముగ్గురం మా ట్రక్కులో ఫ్లారిడా రేవుకి వెళ్ళాం, పిల్లలు విమానంలో వచ్చారు. లైల్ జనంలో అందరికీ కనపడాలని నారింజరంగు చొక్కా వేసుకున్నాడు, వేటకి వెళ్ళేవాళ్ళు వేసుకునేది. ఓడెక్కాక కర్ట్ మా భుజాలు తట్టి, "మీరు గదికి పదండి. మేం ముందు ఏదైనా తింటాం. రాత్రి భోజనానికి కలుద్దాం," అన్నాడు. "సామాను?" అన్నాడు లైల్. "వాళ్ళే తెస్తారులే నాన్నా."

మా గదులు బాగా కింద ఉన్నాయి. నడుస్తుంటే అరికాళ్ళ కింద ఇంజను గుర్రుమనేది. లైల్‌కి అది కూడా నచ్చింది. ఆగి, గోడకి చెయ్యి ఆనించి, "మంచి మోటారు," అన్నాడు. గదిలో మంచం, అద్దం, ఒక సొరుగు. తలుపేసి దీపం ఆర్పితే నా చెయ్యి నాకే కనపడలేదు.

వెర్నా తన గదిలోంచి అరిచింది. "ఒరేయ్ లైల్! ఇది గదా, శవపేటికా? చచ్చాక ఎలాగూ పడుకునేదేగా, ఇప్పట్నుంచే అలవాటు చేస్తున్నావేంట్రా?"

"మూత ఉంది కదక్కా, తెరుచుకుని బయటికి రా!" అని ఇతను అరిచాడు. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. తర్వాత లైల్ నాలుగు తలుపుల మీదా చేపలు అంటించి, వెనక్కి వెళ్ళి చూసి, జోలీన్ చేపని కాస్త సరిచేశాడు.

ఆ రాత్రి భోజనం బాగా జరిగింది. కర్ట్ జోకులు వేశాడు, మెరిడిత్ వెర్నాకి బ్రాందీ తెప్పించింది. తిన్నాక పిల్లలు పాటలు వినడానికి పైకి వెళ్ళారు, మేం పడుకోడానికి కిందికి వచ్చాం. "గోడకి అవతల ఎవరూ దగ్గట్లేదేంటి?" అని లైల్ చీకట్లో అన్నాడు. "ఇంకా రాలేదు, నిద్రపో," అన్నాను.

పొద్దున లేచి చూసేసరికి లైల్ పైనుంచి రెండు కప్పుల కాఫీ తెచ్చి కర్ట్ తలుపు ముందు నిలబడి ఉన్నాడు. చేతులు ఖాళీ లేక మోచేత్తో తలుపు కొడుతున్నాడు.

"కర్ట్! లేవరా! సముద్రం నీకోసం చూస్తోంది!"

తలుపు తెరుచుకుంది. భారీ మనిషి, ఒంటిమీద లోదుస్తులు, మెడలో శిలువ. కళ్ళు నులుముకుంటున్నాడు.

"ఎవరు కావాలండీ?"

"మా అబ్బాయి," అన్నాడు లైల్. "కర్ట్."

"ఓ, ఈ చేప మీదా?" అతని మొహం విచ్చుకుంది. అమెరికా దక్షిణాది యాస. "మా ఆవిడ ఓడవాళ్ళే పెట్టారేమో అనుకుంది. కర్ట్, మెరిడిత్ అని ఉంటే ఈ గదికి పేరేమో అనుకున్నాం. ఏమే, చేపాయన వచ్చాడు!"

లోపల్నించి ఆడగొంతు, "చాలా బాగుందని చెప్పు!" అంది.

లైల్ అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి కాఫీ కప్పు ఒకటి ముందుకు చాపాడు. "తీసుకోండి. వేడిగా ఉంది." ఆయన తీసుకున్నాడు. రెండోది కూడా ఇచ్చాడు. "మీ ఆవిడకి."

జోలీన్ తలుపు కొడితే ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు తీశారు. వాళ్ళు చేప పక్కన ఒక ప్లాస్టిక్ పువ్వు కూడా అంటించారు. మా మాట వాళ్ళకి అర్థం కాలేదు. నవ్వుతూ తలలూపారు.

"కంప్యూటరు తప్పయి ఉంటుంది," అన్నాడు లైల్. "పిల్లల్ని ఎక్కడ పడేశారో ఏమో. పాపం, మనల్ని కంగారు పెట్టకూడదని చెప్పలేదు." నేను వద్దంటున్నా వినకుండా పై అంతస్తులో కౌంటరు దగ్గరికి నడిచాడు. నేను ఇంటి చెప్పులతోనే వెనక పరుగెత్తాను. వరుసలో చాలామంది ఉన్నారు. మా వంతు వచ్చేసరికి లైల్ గొంతు ఇంకా పెరిగింది.

"అమ్మాయ్, మా పిల్లల గదులు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. రెండు గదులు. నా పాయింట్లతో తీసుకున్నవి. ఒకే వరుసలో ఇస్తామని మాటిచ్చారు!"

కౌంటరు దగ్గర పిల్ల పేరు అడిగి, తెర మీద చూసింది. కాస్త ముందుకు వంగి, ఏదో మెల్లిగా చెప్పింది. నాకు వినపడింది. అతనికి వినపడలేదు.

"గట్టిగా చెప్పమ్మా. ఈ చెవి పనిచెయ్యదు."

"లైల్, పద," అని చొక్కా పట్టుకు లాగాను.

"ఉండు ఆర్డిస్. ఏమంటోంది?"

ఆ పిల్ల నా వంక చూసింది. ఏం చేస్తుంది? గట్టిగా చెప్పింది. "మీవాళ్ళు జనవరిలోనే మారిపోయారు సర్. పైన తొమ్మిదో అంతస్తు. బాల్కనీ గదులు. వాళ్ళే విడిగా డబ్బు కట్టుకున్నారు."

వరుసలో మా వెనకున్న ఆవిడ తన పర్సులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. నేను నేల మీది తివాచీ చూశాను. పడవలూ లంగర్లూ ఉన్న తివాచీ.

"ఓ!" అన్నాడు లైల్. "అవునవును. చెప్పారు, నాతో చెప్పారు. నేనే మర్చిపోయాను. వయసైపోయింది కదా." కౌంటరు మీద అరచేత్తో మెల్లిగా రెండుసార్లు తట్టాడు, పని పూర్తయ్యాక ఫర్నేసుని తట్టినట్టు.

"ఇంకేమైనా కావాలా సర్?"

"ఏం వద్దమ్మా. ఓడ చాలా బాగుంది."

తిరిగి వస్తుంటే మెట్ల మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. నాకు అతని మీద కోపం వచ్చింది, నిజం చెప్తున్నాను. అంత గట్టిగా ఎందుకరవాలి, ఆ నారింజ చొక్కా ఎందుకు, ఆ చేపలెందుకు. పిల్లల మీద రావాల్సిన కోపం ముందు అతని మీదికి పోయింది.

మధ్యాహ్నానికి వెర్నాకీ తెలిసిపోయింది. తెలియకుండా ఎలా ఉంటుంది, జోలీన్ గదిలోంచి ఇద్దరు ముసలమ్మలు బయటికొస్తుంటే. మా గదిలోకి వచ్చి తలుపేసి, "ఎక్కడ వాడు? ఆ కర్ట్‌గాడి చెవి మెలిపెట్టి తీసుకొస్తా," అంది.

"అక్కా, కూర్చో."

"కూర్చోను. నాకు తెలీక అడుగుతా, మనం కింద ఎలకల్లా పడుంటే వాళ్ళు పైన..."

"అక్కా. నా మీద ఒట్టు, నోరెత్తకు. సరదాగా ఉందామని వచ్చారు. ఉండనీ. నువ్వు కూడా ఆర్డిస్."

"నీకు సిగ్గు లేదురా," అంది వెర్నా. కానీ కూర్చుంది, మంచం మీద తమ్ముడి పక్కన. గదిలో కుర్చీ లేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర లైల్ రొట్టెకి వెన్న రాసుకుంటూ, వేరే దేన్నో చూస్తూ అడిగాడు. "గది ఎలా ఉందిరా? నిద్ర పట్టిందా?"

చెప్పడానికి చోటిస్తున్నాడని నాకు తెలుసు. కర్ట్ గ్లాసులో నీళ్ళు పోసుకున్నాడు. "బాగా పట్టింది నాన్నా. చిన్నదే గానీ, పడుకోడానికేగా."

తండ్రి మాటే తండ్రికి తిప్పి చెప్పాడు. వెర్నా బల్ల కింద నా కాలిమీద తన్నింది, నేనే ఆ మాటన్నట్టు. లైల్ తలూపి, రొట్టె కొరికాడు. "మంచిది," అన్నాడు నోట్లో రొట్టెతో.

మర్నాడు అందరూ మంచి బట్టలేసుకుని భోజనం చేసే రోజు. లైల్ పెళ్ళిళ్ళకీ చావులకీ వేసుకునే కోటు వేసుకున్నాడు. కర్ట్ లేచి గ్లాసు పైకెత్తాడు. కొంచెం తాగి ఉన్నాడు. ఆ రాత్రి తండ్రిని సంతోషపెట్టాలని నిజంగానే అనుకున్నాడని ఇప్పటికీ నమ్ముతాను.

"మా నాన్నకి! మా అందరినీ తన పాయింట్లతో ఒక వరుసలో పడుకోబెట్టిన మనిషికి! డాల్ఫిన్ బేరానికి!"

పక్కబల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. లైల్ గ్లాసెత్తి, అందరికీ తగిలించాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. నేను అప్పటికే కోసి ఉన్న మాంసాన్ని మళ్ళీ కోశాను.

ఇక ఉండబట్టలేక మర్నాడు మధ్యాహ్నం లైల్ కునుకు తీస్తుంటే నేను తొమ్మిదో అంతస్తుకి వెళ్ళాను. అక్కడ వరండా వెడల్పుగా, నిశ్శబ్దంగా ఉంది, కాళ్ళ కింద ఇంజను తెలియదు. తలుపు మెరిడిత్ తీసింది. ఆమె వెనక గదంతా వెలుతురు. ఆ వెలుతురు చివర బాల్కనీలో కర్ట్, జోలీన్ పేకముక్కలు పట్టుకుని కూర్చున్నారు. రెండు గదుల బాల్కనీల మధ్య అడ్డుతలుపు తీసి ఒకటి చేసుకున్నారు.

"అమ్మా," అంది జోలీన్. ముక్కలు బోర్లా పెట్టేసింది.

"నీకెలా తెలిసింది?" అన్నాడు కర్ట్.

"మీ నాన్నకి ఓడెక్కిన మర్నాడు పొద్దున్నే తెలుసు. మీ గదిలో ఉన్నాయనకి కాఫీ ఇచ్చొచ్చాడు."

కర్ట్ మెడ దగ్గర్నుంచి ఎర్రబడ్డాడు. "అంటే నిన్న రాత్రి నేను గ్లాసెత్తినప్పుడు..."

"ఆ. తెలుసు."

"మరి ఎందుకేం అనలేదు?"

"మీరు చెప్తారేమోనని చూశాడు."

మెరిడిత్ మంచం అంచున కూర్చుంది. "తప్పు నాది, ఆర్డిస్. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను లిఫ్టులో ఇరుక్కుపోయాను. అప్పట్నుంచి మూసేసిన గదిలో ఉంటే నాకు ఊపిరాడదు. అమ్మ పోయేటప్పటికి నేనింకా ఆ లిఫ్టులోనే ఉన్నాను. ఆ క్రిస్మస్ రోజునే చెప్పాల్సింది. లైల్ మొహం చూశాక నోరు రాలేదు." జోలీన్ తనొక్కతే కింద ఉండలేనందట. కర్ట్ ఆమెక్కూడా పైన గది తీసిచ్చాడు. "మీకు కూడా తీద్దామనుకున్నాం అమ్మా," అన్నాడు. "కానీ అది ఆయన మొహాన కొట్టినట్టుంటుందని..."

ఎవరి మాటా అబద్ధం కాదు. ఎవరి మీద అరవాలో తెలియక నిలబడ్డాను. అప్పుడు గాలి వచ్చింది. గోరువెచ్చగా, ఉప్పగా, నా మెడ మీది వెంట్రుకలు లేపుతూ. ఇంట్లో మంచు, ఓడలో చీకటి గది. ఎన్నాళ్ళయిందో మొహానికి అలాంటి గాలి తగిలి. జోలీన్ లేచి తన కుర్చీ నాకిచ్చింది. నేను చెప్పాల్సింది చెప్పేశాను, లేచి వచ్చెయ్యాల్సింది. కూర్చున్నాను. మెరిడిత్ చల్లగా ఏదో తాగడానికిచ్చింది. కింద నీళ్ళు ఆకుపచ్చగా, తర్వాత నీలంగా పోతున్నాయి. చాలాసేపు కూర్చున్నాను. అంతసేపూ నా భర్త నాకు గుర్తు రాలేదు.

నేను లేచేటప్పుడు కూడా "నాన్నని తీసుకురా" అని ఎవరూ అనలేదు. అనకూడదని కాదు. ఆయన మొహం ఎలా చూడాలో వాళ్ళకి తెలియలేదు.

కింద గదిలో లైల్ దీపం వేసుకుని, బూట్లు తొడుక్కుని, మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"మొహం కందిపోయిందేం?"

"పైకెళ్ళాను."

"వాళ్ళ దగ్గరికా?"

"ఊ."

"సముద్రం కనపడుతుందా?"

"ఎదురుగానే."

"గాలి వస్తుందా?"

"వస్తుంది."

బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "నా గురించి ఏమైనా అడిగారా?"

"రమ్మన్నారు," అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నోట్లోంచి. లైల్ లేచి మొహం కడుక్కున్నాడు. నారింజ చొక్కా విప్పి తెల్లది వేసుకున్నాడు. తడిచేత్తో జుట్టు దువ్వుకున్నాడు. లిఫ్టులో అద్దం చూసి కాలరు సరిచేసుకుంటుంటే నేను మనసులో దేవుణ్ణి వేడుకుంటున్నాను, తలుపు తీసేవాళ్ళ మొహం సరిగ్గా ఉండేలా చూడమని.

కర్ట్ తీశాడు. "నాన్నా!"

"రమ్మన్నారని మీ అమ్మ చెప్పింది."

కర్ట్ నా వంక చూశాడు. నేను రెప్పవేయకుండా చూశాను. "అవును నాన్నా," అన్నాడు. "రా. రా లోపలికి."

లైల్ గదిలో దేన్నీ చూడకుండా తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి, కమ్మీ మీద రెండు చేతులూ పెట్టాడు. జోలీన్ పేకముక్కలు కలుపుతూనే ఉంది.

"లైల్, నేను మీకు..." అని మెరిడిత్ మొదలుపెట్టింది, గట్టిగా, అతనికి వినపడేలా.

"మీ అత్తగారి మొహం చూస్తే తెలిసిందమ్మా, ఏదో కారణం ఉంటుందని. ఇక్కడ నిద్ర పడుతోందా?"

"పడుతోంది."

"అయితే సరే. నిద్ర ముఖ్యం."

మళ్ళీ సముద్రం వైపు తిరిగాడు. ఒక పక్షి ఓడతో పాటే, రెక్క కదపకుండా, పక్కన ఎగురుతోంది. దాన్నే చూస్తూ, కొడుకుతో, ఏ ఫర్నేసుకి ఏ ఫిల్టరు వెయ్యాలో చెప్పినంత మామూలుగా అన్నాడు:

"ముందే ఒక్క మాట చెప్పుంటే బాగుండేదిరా. మీ రెండు గదుల పాయింట్లూ కలిపితే మీ అమ్మకి ఇలాంటిదొకటి వచ్చుండేది."

జోలీన్ ముక్కలు బల్ల మీద పెట్టి స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను ఇందాక కూర్చున్న కుర్చీ వంక చూడలేకపోయాను. పక్కనే నా గ్లాసు, అందులో ఇంకా మంచుముక్కలున్నాయి.

ఆ తర్వాత రోజులన్నీ వాళ్ళు మమ్మల్ని బతిమాలారు. జోలీన్ తన సంచీ సర్దుకుని కిందికొచ్చి, "నేనిక్కడ పడుకుంటా, మీరు పైకెళ్ళండి," అని గుమ్మంలో నిలబడింది. లైల్ ఆమె తల నిమిరి వెనక్కి పంపాడు. రోజూ మధ్యాహ్నం మాత్రం పైకి వెళ్ళి వాళ్ళతో పేకాడాడు, గెలిచాడు, వెర్నాని ఏడిపించాడు. పక్కగది భారీ మనిషి మా ఆయనకి స్నేహితుడైపోయాడు. పొద్దున కాఫీ ఇప్పుడతనే తెచ్చేవాడు. చూసేవాళ్ళకి మేం సంతోషంగా ఉన్న కుటుంబమే. కానీ కర్ట్ తండ్రితో మరీ మర్యాదగా మాట్లాడుతున్నాడు. తర్వాత కూడా మా ఇంట్లో డాల్ఫిన్ బేరం అన్న మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు. ఏళ్ళ తరబడి ఆ మాట ఆగిపోవాలని కోరుకున్నాను. ఆగిపోయాక ఇల్లు బోసిపోయినట్టుంది.

రేవులో పిల్లలు విమానం అందుకోడానికి వెళ్ళిపోయారు. మేం ట్రక్కులో ఉత్తరానికి బయల్దేరాం. వెర్నా వెనకసీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయింది. జార్జియా దాటాం, టెనెసీ దాటాం, చెట్లకి ఆకులు లేకుండా పోయాయి. లైల్ రేడియో కూడా పెట్టలేదు. కెంటకీలో సన్నగా మంచు మొదలైంది.

"ఆ రోజు నన్ను రమ్మన్నారన్నావు," అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. అద్దం మీద నా ఊపిరి ఆవిరి కడుతోంది.

"నువ్వేం చెప్పక్కర్లేదు. పిలవలేదని అప్పుడే తెలుసు," అన్నాడు. అద్దం మీది మంచు తుడవడానికి వైపర్లు వేసి, "అయినా వెళ్ళాలనిపించింది," అన్నాడు.